వయసు మీద పడిన ఒంట్లో మందు ఎలా నడుస్తుంది: నర్సింగ్ విద్యార్థులకు ఫార్మకాలజీ తొలిపాఠాలు

క్లుప్తంగా

మందు అదే, డోసూ అదే అయినా అందరి ఒంట్లో అది ఒకేలా పనిచేయదు. ఎంత లోపలికి చేరుతుంది, ఎంతసేపు నిలుస్తుంది, ఏ దారిన బయటికి పోతుంది అన్న లెక్కలు వయసుతో మారిపోతాయి. ఫార్మకాలజీలో మొదట చెప్పే సూత్రాలన్నీ వృద్ధుల దగ్గరే స్పష్టంగా బయటపడతాయి. ఆ మార్పులకు కారణాలేమిటి, పడక పక్కన అవి ఎలా కనిపిస్తాయి, మందులిచ్చేటప్పుడు పొరపాట్లు ఎక్కడ జరుగుతాయి అన్నవి ఈ వ్యాసంలోని విషయాలు.

పేర్ల జాబితాతో వచ్చే చిక్కు

ఫార్మకాలజీ అనగానే విద్యార్థులకు పట్టుకునే టెన్షన్ పేర్లది. వందల మందులు, ఒక్కోదానికి పదేసి దుష్ప్రభావాలు. పరీక్ష ముందు వాటిని బట్టీ పట్టి గట్టెక్కవచ్చు. వార్డులో ఎదురయ్యే ప్రశ్న మాత్రం వేరే రకంగా ఉంటుంది. నిన్నటిదాకా చక్కగా మాట్లాడిన 82 ఏళ్ల పెద్దాయన ఈ ఉదయం తానెక్కడున్నాడో చెప్పలేకపోతున్నాడు. చార్టులో 7 మందులున్నాయి. దేని వల్ల కావచ్చు? జాబితా చూస్తే అందులో సగం మందులకు ‘మగత, తికమక’ అనే రాసి ఉంటుంది. ఏది కొత్తగా మొదలైంది, ఏది ఒంట్లో పేరుకుని ఉండవచ్చు, ఏది కిడ్నీ మీద ఆధారపడి బయటికి పోతుంది అని వరుసగా అడగగలిగితేనే జవాబు దగ్గరపడుతుంది.

వృద్ధుల మందుల గురించి పాఠ్యపుస్తకాల్లో చివరి పేజీల్లో ఒక చిన్న అధ్యాయం ఉండటం మామూలే. దాంతో అదేదో విడి విషయం అన్న భావన ఏర్పడుతుంది. ఆస్పత్రిలో చేరేవారిలో, రోజూ అనేక మందులు వాడేవారిలో పెద్ద వయసువాళ్లు ఎక్కువ. కాబట్టి మూలసూత్రాలను మొదటినుంచీ వాళ్లను ముందు పెట్టుకుని చదవడమే సరైన పద్ధతి.

మాత్ర మింగిన తర్వాత

నోట్లో వేసుకున్న మందు నాలుగు దశలు దాటుతుంది. పేగుల్లోంచి రక్తంలోకి చేరడం శోషణ. రక్తం నుంచి కండరాలు, కొవ్వు, మెదడు వంటి చోట్లకు పాకడం పంపిణీ. ఎక్కువగా కాలేయంలో రసాయనికంగా మారిపోవడం జీవక్రియ. మూత్రం ద్వారా గానీ పిత్తం ద్వారా గానీ వెళ్లిపోవడం విసర్జన.

వీటిలో విద్యార్థులు తేలిగ్గా తీసుకునేది శోషణకూ పంపిణీకీ మధ్య జరిగే ఒక సంగతి. పేగుల్లో పీల్చుకున్న మందు నేరుగా ఒళ్లంతా పాకదు. ముందు పోర్టల్ సిర ద్వారా కాలేయానికి వెళ్తుంది. కొన్ని మందుల్లో పెద్ద భాగం ఈ మొదటి ప్రయాణంలోనే ఖర్చయిపోతుంది. దీన్నే ఫస్ట్ పాస్ ఎఫెక్ట్ అంటారు. ప్రొప్రనొలాల్ నోటి ద్వారా 40 మి.గ్రా. ఇవ్వడం మామూలే. అదే సిరలోకి ఇవ్వాల్సి వస్తే 1 మి.గ్రా. స్థాయిలో, నెమ్మదిగా, మానిటర్ చూస్తూ ఇస్తారు. మార్ఫిన్ నోటి ద్వారా ఇచ్చే డోసు సిరలోకి ఇచ్చేదానికి సుమారు 3 రెట్లు ఉంటుంది. గుండెనొప్పికి నైట్రోగ్లిసరిన్‌ను నాలుక కింద పెట్టడానికీ కారణం ఇదే. అక్కడి రక్తనాళాల నుంచి అది కాలేయాన్ని తప్పించుకుని నేరుగా రక్తప్రవాహంలో కలుస్తుంది, ఒకటి రెండు నిమిషాల్లో పని మొదలుపెడుతుంది. మింగేస్తే చాలా భాగం వృథా.

అందుకే ఆర్డరులో మందు పేరు, డోసుతో పాటు ఇచ్చే మార్గం కూడా రాసి ఉండాలి. మార్గం రాయని ఆర్డరు అసంపూర్తి ఆర్డరే. ‘ఎప్పుడూ ఇచ్చేదేగా’ అని ఊహించి ఇవ్వకూడదు, డాక్టరును అడిగి రాయించుకోవాలి.

పంపిణీలో గమనించాల్సింది ప్రొటీన్ బంధం. రక్తంలోని ఆల్బుమిన్‌కు అతుక్కుని ఉన్న మందు పనిచేయదు, విడిగా ఉన్న భాగమే పనిచేస్తుంది. ఫిట్స్‌కు ఇచ్చే ఫెనిటాయిన్ దాదాపు 90 శాతం అతుక్కునే ఉంటుంది. సరిగా తినని, దీర్ఘకాలం జబ్బుపడిన మనిషిలో ఆల్బుమిన్ పడిపోతే విడి భాగం పెరుగుతుంది. ల్యాబ్ రిపోర్టులో మొత్తం ఫెనిటాయిన్ మి.లీ.కు 10 నుంచి 20 మైక్రోగ్రాముల మధ్య, అంటే మామూలు హద్దులోనే కనిపిస్తుంది. మనిషి మాత్రం తూలుతుంటాడు, కళ్లు అటూ ఇటూ అదురుతుంటాయి, మాట తడబడుతుంది. రిపోర్టు బాగుందని ఆ లక్షణాలను పక్కన పెట్టడానికి లేదు. ఆల్బుమిన్ ఎంత ఉందో కూడా చూడమని డాక్టరుకు గుర్తు చేయడం నర్సు చేయగలిగిన మంచి పని.

హాఫ్ లైఫ్: అన్నిటికన్నా ముందు నేర్వాల్సిన లెక్క

రక్తంలో మందు మోతాదు సగానికి పడిపోవడానికి పట్టే సమయం హాఫ్ లైఫ్. 100 పాళ్లున్న మందు ఒక హాఫ్ లైఫ్ గడిచేసరికి 50, రెండోదానికి 25, మూడోదానికి 12.5, నాలుగోదానికి 6.25, ఐదోదానికి సుమారు 3 పాళ్లకు చేరుతుంది. అంటే మందు ఆపేశాక దాదాపుగా ఖాళీ కావడానికి నాలుగైదు హాఫ్ లైఫ్‌లు పడుతుంది. రోజూ అదే డోసు ఇస్తూ పోతే, మోతాదు ఒక నిలకడ స్థాయికి రావడానికి కూడా సరిగ్గా అంతే సమయం పడుతుంది.

వార్డులో పుట్టే అపార్థాలెన్నో ఈ ఒక్క లెక్కతో తీరిపోతాయి. పారాసిటమాల్ హాఫ్ లైఫ్ 2 నుంచి 3 గంటలు, అందుకే జ్వరం మళ్లీ వస్తుంది, డోసు మళ్లీ ఇవ్వాల్సి వస్తుంది. అమ్లోడిపిన్‌ది 30 నుంచి 50 గంటలు. మొదలుపెట్టిన రెండో రోజే ‘బీపీ తగ్గలేదు, మందు పనిచేయడం లేదు’ అనుకోవడం తొందరపాటు. పూర్తి ప్రభావం తెలియడానికి వారం పైనే పడుతుంది. వేగంగా ఫలితం కావాల్సిన చోట మొదట పెద్ద డోసు ఒకటి ఇచ్చి, తర్వాత చిన్న డోసులతో నిలబెడతారు. దాన్నే లోడింగ్ డోసు అంటారు. ఫెనిటాయిన్, అమియోడరాన్‌లకు ఇది తరచూ వాడే పద్ధతి. ఆ మొదటి డోసును చూసి అదే రోజువారీ డోసని మరుసటి రోజు చార్టులో ఎక్కిస్తే ప్రమాదం.

ఇప్పుడు వయసును ఈ లెక్కలోకి తెస్తే ఏమవుతుందో నిద్రకూ ఆందోళనకూ ఇచ్చే డయాజిపామ్ చక్కగా చూపిస్తుంది. దాని హాఫ్ లైఫ్ 20 ఏళ్ల వయసులో సుమారు 20 గంటలుంటే, 80 ఏళ్ల వయసులో సుమారు 90 గంటలకు పెరిగిందని 1975లో వెలువడిన అధ్యయనం తేల్చింది. యువకుడికి రోజూ రాత్రి ఒక మాత్ర ఇస్తే నాలుగైదు రోజుల్లో మోతాదు నిలకడకు వస్తుంది. 80 ఏళ్ల మనిషిలో అదే మాత్ర సుమారు 19 రోజుల దాకా పేరుకుంటూనే పోతుంది. మొదటి రాత్రి బాగానే నిద్రపోయింది, మూడో రాత్రీ బాగానే ఉంది, రెండు వారాలు దాటాక బాత్‌రూమ్‌కు వెళ్తూ పడిపోయింది. అప్పటికి మాత్ర పాతబడింది కాబట్టి ఎవరికీ దాని మీద అనుమానం రాదు. డయాజిపామ్ కాలేయంలో మారాక తయారయ్యే పదార్థం కూడా మగత కలిగించేదే, పైగా అంతకన్నా నెమ్మదిగా పోతుంది.

తాళాలు, గేట్లు, ఇరుకు హద్దులు

ఇంతవరకు చూసింది శరీరం మందును ఏం చేస్తుందని. మందు శరీరాన్ని ఏం చేస్తుందన్నది రెండో సగం. కణాల మీద తాళంలా ఉండే రిసెప్టర్‌కు అతుక్కుని దాన్ని పనిచేయించేది అగొనిస్ట్, దాన్ని ఆక్రమించి ఇతరాలను అడ్డుకునేది యాంటగొనిస్ట్. సాల్బుటమాల్ ఊపిరితిత్తుల్లోని బీటా-2 రిసెప్టర్‌ను ప్రేరేపించి శ్వాసనాళాలను తెరుస్తుంది. ప్రొప్రనొలాల్ అదే రిసెప్టర్‌ను మూసేస్తుంది. ఆస్తమా ఉన్న మనిషికి ప్రొప్రనొలాల్ రాసి ఉంటే ఇచ్చేముందు ఆగి అడగాలని చెప్పడానికి ఏ జాబితా అక్కర్లేదు, ఈ రెండు వాక్యాలు చాలు. విరుగుడు మందుల్లో కొన్ని కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తాయి. మార్ఫిన్ లాంటి ఓపియాయిడ్లకు నాలోక్సోన్, డయాజిపామ్ లాంటి బెంజోడయాజిపైన్లకు ఫ్లూమజెనిల్ ఆ రిసెప్టర్ల దగ్గరే పోటీపడతాయి.

పనిచేసే మోతాదుకూ హాని చేసే మోతాదుకూ మధ్య దూరం కొన్ని మందుల్లో బాగా తక్కువ. డిగాక్సిన్, లిథియం, వార్ఫరిన్, ఫెనిటాయిన్, థియోఫిలిన్, జెంటమైసిన్ ఈ కోవలోవి. వీటికి రక్తపరీక్షలు తప్పనిసరి కావడానికి కారణం ఆ ఇరుకే. కిడ్నీ కాస్త నెమ్మదించినా, ఇంకో మందు అడ్డుపడినా, ఈ మందులు హద్దు దాటడానికి పెద్దగా సమయం పట్టదు.

వయసు ఏమేం మారుస్తుంది

అందరూ అనుకునేంతగా శోషణ మారదు. మాత్ర కాస్త నెమ్మదిగా రక్తంలో చేరవచ్చు, కానీ చాలా మందుల్లో చేరే మొత్తం దాదాపు అంతే. అసలు మార్పులు మిగతా మూడు దశల్లో వస్తాయి.

వయసుతో కండరం, నీరు తగ్గి కొవ్వు వాటా పెరుగుతుంది. నీళ్లలో కరిగే మందులకు చోటు తగ్గుతుంది, అందుకే లిథియం, డిగాక్సిన్ వంటివి అదే డోసుకు రక్తంలో ఎక్కువగా కనిపిస్తాయి. కొవ్వులో కరిగేవి ఆ కొవ్వులో దాక్కుని నెమ్మదిగా బయటికి వస్తాయి. డయాజిపామ్ హాఫ్ లైఫ్ అంతలా పెరగడానికి ముఖ్య కారణం ఇదే.

కాలేయం పరిమాణం, అందులోకి వెళ్లే రక్తం తగ్గుతాయి. ఫస్ట్ పాస్‌లో ఎక్కువ ఖర్చయ్యే మందులు ఇప్పుడు తక్కువ ఖర్చై, ఎక్కువ భాగం లోపలికి చేరతాయి. కాలేయం చేసే పనుల్లో ఆక్సిడేషన్ లాంటి తొలి దశ నెమ్మదిస్తుంది, మరో పదార్థాన్ని అతికించి పంపేసే రెండో దశ చాలావరకు నిలకడగా ఉంటుంది. లొరాజిపామ్ ఈ రెండో దారిలోనే పోతుంది, అందుకే డయాజిపామ్ అంతగా పేరుకోదు. అలాగని లొరాజిపామ్ సురక్షితం అనుకోకూడదు. మగత, పడిపోవడం అన్న ముప్పు బెంజోడయాజిపైన్ల కుటుంబం మొత్తానికీ ఉంది.

కిడ్నీ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే వృద్ధుల్లో డోసు లెక్క ఎక్కువగా తప్పేది ఇక్కడే. కిడ్నీ పనితనానికి అందరూ చూసేది సీరమ్ క్రియాటినిన్. అది కండరాల నుంచి వచ్చే వ్యర్థం. వయసుతో కండరం కరిగిపోతే క్రియాటినిన్ తయారీ కూడా తగ్గుతుంది. కిడ్నీ సగానికి పడిపోయినా రిపోర్టులో అంకె మామూలుగానే కనిపించడానికి కారణం ఇదే. దీన్ని సవరించడానికి 1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు ఇచ్చిన సూత్రం నేటికీ మందుల డోసులకు వాడుకలో ఉంది. 140లోంచి వయసు తీసేసి, బరువుతో హెచ్చించి, దాన్ని 72తో హెచ్చించిన క్రియాటినిన్‌తో భాగించాలి. స్త్రీలకైతే వచ్చిన అంకెను 0.85తో హెచ్చించాలి.

ఇద్దరు స్త్రీలను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా అర్థమవుతుంది. ఇద్దరి క్రియాటినిన్ డెసిలీటరుకు 1.0 మి.గ్రా. అనుకుందాం. ఒకరికి 25 ఏళ్లు, 60 కిలోలు. 115ను 60తో హెచ్చించి 72తో భాగించి 0.85తో హెచ్చిస్తే నిమిషానికి సుమారు 81 మి.లీ. ఇంకొకరికి 80 ఏళ్లు, 45 కిలోలు. అదే లెక్కలో 60, 45, 72, 0.85 వేస్తే సుమారు 32 మి.లీ. ల్యాబ్ రిపోర్టు ఇద్దరికీ ‘నార్మల్’ అనే చెప్పింది. రెండో ఆవిడ కిడ్నీ మాత్రం మొదటి ఆవిడ కిడ్నీలో ఐదింట రెండు వంతులే పనిచేస్తోంది. జెంటమైసిన్, డిగాక్సిన్, లిథియం, గాబాపెంటిన్ లాంటి మందులు ఆమెకు మామూలు డోసులో వెళ్తే ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. మార్ఫిన్ కాలేయంలో మారాక తయారయ్యే చురుకైన పదార్థం కూడా కిడ్నీ ద్వారానే పోవాలి, పోలేకపోతే మగత పెరిగి ఊపిరి మందగిస్తుంది. షుగర్‌కు ఇచ్చే మెట్‌ఫార్మిన్‌ను కిడ్నీ వడపోత నిమిషానికి 30 మి.లీ. కన్నా తగ్గినవారికి ఇవ్వకూడదు.

అందువల్ల వృద్ధులు అడ్మిట్ అయినప్పుడు బరువు తూచి రాయడం లాంఛనం కాదు. ఆ అంకె లేకుండా పై లెక్క చేయలేరు. ‘చూస్తే 60 కిలోలు ఉంటారు’ అని అంచనాతో రాసిన బరువు డోసును నేరుగా తప్పుదారి పట్టిస్తుంది.

ఒంట్లో మందు మోతాదు మారకపోయినా దాని దెబ్బ మారే సందర్భాలు కూడా ఉన్నాయి. బెంజోడయాజిపైన్లకు, ఓపియాయిడ్లకు ముసలి మెదడు ఎక్కువగా లొంగుతుంది. వార్ఫరిన్ తక్కువ డోసులోనే రక్తాన్ని పల్చబరుస్తుంది. దీనికి భిన్నంగా బీటా రిసెప్టర్లు మొద్దుబారతాయి. లేచి నిలబడినప్పుడు బీపీని నిలబెట్టే మెడ దగ్గరి స్పందన మందగిస్తుంది. ఆ మనిషికి బీపీ మాత్ర, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు (డైయురెటిక్), ప్రొస్టేట్‌కు టామ్సులోసిన్ కలిసి వెళ్తే, మంచం మీంచి లేచీ లేవగానే కళ్లు తిరుగుతాయి. పడుకోబెట్టి 5 నిమిషాల తర్వాత ఒకసారి, నిలబెట్టి 1వ నిమిషంలో, 3వ నిమిషంలో బీపీ చూడాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే అది ఆర్థోస్టాటిక్ హైపోటెన్షన్. కూర్చోబెట్టి ఒక్కసారి చూసిన బీపీ ఈ సంగతి ఎన్నటికీ చెప్పదు.

వయసు తేడాను పట్టించుకోకపోతే ఎంత నష్టమో చూపిన ఉదంతం బెనాక్సాప్రొఫెన్. కీళ్లనొప్పులకు వచ్చిన ఈ మందు వృద్ధుల ఒంట్లో చాలా ఎక్కువసేపు నిలిచేది. కాలేయం, కిడ్నీలు దెబ్బతిని మరణాలు సంభవించడంతో 1982లో దాన్ని మార్కెట్ నుంచి తొలగించారు.

దుష్ప్రభావాన్ని కొత్త జబ్బనుకుంటే

అమ్లోడిపిన్ వాడుతున్న ఒకావిడకు చీలమండల దగ్గర వాపు వచ్చింది. అది ఆ మందు తెచ్చిన వాపని గుర్తించకపోతే ఫ్యూరోసెమైడ్ అనే డైయురెటిక్ మొదలవుతుంది. వాపు పెద్దగా తగ్గదు, ఎందుకంటే అది ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదు, సన్నటి రక్తనాళాలు వెడల్పై అక్కడి నుంచి ఊరిన నీరు. ఫ్యూరోసెమైడ్ వల్ల పొటాషియం పడిపోతుంది. దానికి పొటాషియం సిరప్. దాంతో కడుపులో మంట, దానికి ఇంకో మాత్ర. మొదట ఒక మందు, ఇప్పుడు నాలుగు. ఆవిడ అప్పటికే డిగాక్సిన్ మీద ఉంటే కథ ఇంకా దూరం పోతుంది, పొటాషియం తగ్గినప్పుడు డిగాక్సిన్ విషలక్షణాలు మామూలు మోతాదులోనే బయటపడతాయి.

దీన్ని ప్రిస్క్రైబింగ్ క్యాస్కేడ్ అంటారు. వాంతులకో కళ్లు తిరగడానికో మెటోక్లోప్రమైడ్, ప్రొక్లోర్‌పెరజైన్ నెలల తరబడి వాడితే చేతులు వణకడం, నడక బిగుసుకోవడం వస్తాయి. పార్కిన్‌సన్ జబ్బనుకుని లెవోడోపా మొదలుపెట్టడం ఇంకో క్యాస్కేడ్. మతిమరుపుకు డొనెపెజిల్ ఇస్తే మూత్రం ఆపుకోలేకపోవచ్చు, దానికి ఆక్సిబ్యుటినిన్ ఇస్తారు. మొదటిది అసిటైల్‌కోలిన్‌ను పెంచుతుంది, రెండోది దాన్నే అడ్డుకుంటుంది. ఒకే మనిషిలో రెండు మందులు ఒకదానికొకటి ఎదురు తిరిగి పనిచేస్తుంటాయి.

అసిటైల్‌కోలిన్‌ను అడ్డుకునే మందులను గుర్తుపెట్టుకోవడం వృద్ధుల వార్డులో రోజూ ఉపయోగపడుతుంది. జలుబు మాత్రల్లోని క్లోర్‌ఫెనిరమైన్, డైఫెన్‌హైడ్రమైన్, నరాల నొప్పికి ఇచ్చే అమిట్రిప్టిలిన్, పైన చెప్పిన ఆక్సిబ్యుటినిన్ ఈ గుంపులోవే. నోరు ఎండిపోవడం, చూపు మసకబారడం, మలబద్ధకం, మూత్రం బిగుసుకుపోవడం, తికమక అన్నిటికీ ఉమ్మడి. విడివిడిగా ఒక్కోటి చిన్న డోసే కావచ్చు, మూడు కలిస్తే భారం పెద్దది. ఇక బీపీకి ఇచ్చే ఏసీఈ ఇన్హిబిటర్, డైయురెటిక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్ర మూడూ కలిస్తే కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతినవచ్చు. నొప్పి మాత్ర బయట కొనుక్కున్నది కావడంతో చార్టులో కనిపించకపోవడం ఇక్కడి చిక్కు.

వృద్ధుల్లో మందు హాని తరచూ మామూలు జబ్బులా వేషం కడుతుంది. పడిపోవడం, కొత్తగా తికమకపడటం, అన్నం సహించకపోవడం, పక్క తడపడం లాంటివాటిని ‘వయసు కదా’ అని సరిపెట్టడం తప్పు. కొత్త లక్షణం కనిపించినప్పుడు గత రెండు మూడు వారాల్లో ఏ మందు చేరింది, ఏ డోసు మారింది, ఏది ఆగింది అని చార్టు వెనక్కి తిప్పి చూడటం మొదటి పని కావాలి.

ఎక్కువ మందులు, తక్కువ మందులు

5 లేదా అంతకుమించి మందులు వాడటాన్ని పాలీఫార్మసీగా లెక్కించడం ఆనవాయితీ. ఇందులో జాగ్రత్తపడాల్సిన మందుల జాబితా మొదట 1991లో అమెరికా వైద్యుడు మార్క్ బీర్స్ నర్సింగ్ హోమ్‌లలో ఉండే వృద్ధుల కోసం తయారుచేశారు. బీర్స్ క్రైటీరియాగా పేరుపడిన దాన్ని ఇప్పుడు అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ సవరిస్తూ వస్తోంది, 2023లోనూ ఒక సవరణ వచ్చింది. ఐర్లండ్ నుంచి 2008లో వచ్చిన స్టాప్-స్టార్ట్ జాబితాలు రెండు వైపులా చూస్తాయి. స్టాప్ భాగం ఆపదగిన మందులను చెబితే, స్టార్ట్ భాగం అవసరమై ఉండీ ఇవ్వకుండా వదిలేసిన మందులను గుర్తుచేస్తుంది.

ఆ రెండో భాగానికి తగినంత ప్రాధాన్యం దక్కడం లేదు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పే జబ్బు) ఉన్న పెద్దావిడకు ‘ఈ వయసులో ఎందుకులే’ అని రక్తం గడ్డకట్టకుండా చూసే మందు ఇవ్వకపోవడం, నొప్పి చెప్పుకోలేని డిమెన్షియా రోగికి నొప్పి మందు అందకపోవడం కూడా హానే. ఎన్ని మందులున్నాయన్నది ఒక హెచ్చరిక మాత్రమే. ప్రతి మందుకూ ఇప్పటికీ కారణం ఉందా అన్నదే తేల్చాల్సిన ప్రశ్న.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ‘హాని లేని మందుల వాడకం’ పేరుతో ప్రపంచస్థాయి కార్యక్రమం మొదలుపెట్టి, తీవ్రమైన, నివారించదగ్గ మందుల హానిని ఐదేళ్లలో సగానికి తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది. పాలీఫార్మసీ, ప్రమాదం ఎక్కువగా ఉన్న మందులు, రోగి ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారే సమయం అన్న మూడింటిని అది ప్రధానంగా ఎంచుకుంది.

చేతిలో మందు ఉన్నప్పుడు

సరైన రోగి, సరైన మందు, సరైన డోసు, సరైన మార్గం, సరైన సమయం అన్న ఐదు సూత్రాలు ప్రతి విద్యార్థికీ నోటికి వస్తాయి. వాటికి కారణం తెలుసుకోవడం, నమోదు చేయడం, ఫలితం గమనించడం లాంటివి తర్వాత చేరాయి. నోటికి వచ్చినంత మాత్రాన చేతికి రాదు, అందుకే కొన్ని సందర్భాలను దగ్గరగా చూడాలి.

ఇన్సులిన్ తీసుకుందాం. ఒక మి.లీ.లో 40 యూనిట్లున్న వయల్ ఉంటుంది, 100 యూనిట్లున్న వయల్ ఉంటుంది. వాటికి వేర్వేరు సిరంజిలు. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను 40 యూనిట్ల సిరంజిలో ‘20’ గీత దాకా లాగితే లోపలికి వచ్చేది అర మి.లీ., అంటే 50 యూనిట్లు. రాసింది 20, వెళ్లింది 50. రెండున్నర రెట్లు. వయల్ మీద బలం చదివి, సిరంజి మీద అదే అంకె ఉందో లేదో చూడటానికి కొన్ని సెకన్లు చాలు. ప్రొప్రనొలాల్ లాంటి బీటా బ్లాకర్ వాడే వృద్ధుల్లో షుగర్ పడిపోయినప్పుడు గుండెదడ, వణుకు కనిపించకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది. కాబట్టి దడ లేదని ధీమాపడకుండా గ్లూకోమీటర్‌తో చూడాలి.

సెలైన్ వేగం లెక్క తేలికే, తొందరలోనే తప్పుతుంది. 500 మి.లీ.ను 4 గంటల్లో, మి.లీ.కు 20 చుక్కలు పడే సెట్‌తో ఇవ్వాలంటే 500ను 20తో హెచ్చించి 240 నిమిషాలతో భాగించాలి. నిమిషానికి సుమారు 42 చుక్కలు. అదే మైక్రోడ్రిప్ సెట్ అయితే మి.లీ.కు 60 చుక్కలు, లెక్క మొత్తం మారుతుంది. గుండె బలహీనంగా ఉన్న వృద్ధుల్లో వేగం పెరిగితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

మింగలేని రోగికి మాత్రను నూరి ఇవ్వడం వార్డుల్లో చాలా మామూలైపోయింది. నెమ్మదిగా విడుదలయ్యేలా తయారుచేసిన నిఫెడిపిన్‌ను నూరితే గంటలకొద్దీ రావాల్సిన మందు ఒక్కసారిగా వచ్చి బీపీ కుప్పకూలవచ్చు. ఎంటెరిక్ కోటింగ్ (కడుపులో కరగకుండా పేగుల్లో కరిగే పూత) ఉన్న మాత్రను నూరితే దాని రక్షణే పోతుంది. పేరు చివర ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్, సీఆర్ అని ఉంటే నూరకుండా ఫార్మసిస్టును అడగాలి, ద్రవరూపం దొరకవచ్చు. ముక్కు ట్యూబ్ ద్వారా ఫీడ్‌తో పాటే ఫెనిటాయిన్ ఇస్తే శోషణ బాగా తగ్గుతుంది, మధ్యలో గంట రెండు గంటల ఎడం ఉంచుతారు. అలెండ్రొనేట్‌ను పరగడుపున గ్లాసు నిండా మంచినీళ్లతో ఇచ్చి 30 నిమిషాలు పడుకోనివ్వకూడదు, లేకపోతే అన్నవాహిక పుండు పడుతుంది.

డిగాక్సిన్ ఇచ్చేముందు గుండె కొన దగ్గర స్టెతస్కోపు పెట్టి పూర్తి నిమిషం పాటు పల్స్ లెక్కించాలి. 60 కన్నా తక్కువుంటే ఇవ్వకుండా ఆపి డాక్టరుకు చెప్పాలి. ఆకలి చచ్చిపోవడం, వికారం, వెలుతురు పసుపుపచ్చగా కనిపిస్తోందని అనడం ఈ మందు ఎక్కువైన గుర్తులు. ఓపియాయిడ్ ఇచ్చాక శ్వాస సంఖ్య కన్నా ముందు మగత పెరుగుతుంది, పిలిస్తే పలికే తీరు మారిందంటే అప్పుడే అప్రమత్తం కావాలి. ఈ మందుల వల్ల వచ్చే మలబద్ధకం రోజులు గడిచినా అలవాటుపడి తగ్గేది కాదు, విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటి రోజు నుంచే ఉందో లేదో చూడాలి.

సమయం కూడా డోసంత ముఖ్యమే. ఫ్యూరోసెమైడ్ మాత్ర ప్రభావం ఆరేడు గంటలుంటుంది. సాయంత్రం ఇస్తే రాత్రంతా బాత్‌రూమ్‌కు లేవాలి, చీకట్లో పడిపోయే ప్రమాదం. ఉదయం ఇవ్వమని రాయించుకోవడం చిన్న మార్పే, అది తుంటి ఎముకను కాపాడవచ్చు.

ఆపేటప్పుడు, ఇంటికి పంపేటప్పుడు

అనవసరమైన మందు ఆపాలని నిర్ణయించినా ఒక్కసారిగా ఆపగలిగేవి కొన్నే. బీటా బ్లాకర్ హఠాత్తుగా ఆగితే గుండెనొప్పి తిరగబెట్టవచ్చు, క్లోనిడిన్ ఆగితే బీపీ ఎగబాకుతుంది, చాలాకాలం వాడిన బెంజోడయాజిపైన్ ఆగితే ఫిట్స్ రావచ్చు. వారాల తరబడి వాడిన స్టెరాయిడ్ ఆగితే అడ్రినల్ గ్రంథి వెంటనే పుంజుకోలేదు. ఆపరేషన్ కోసం నోటి మందులు నిలిపినప్పుడు ఇవి మళ్లీ మొదలయ్యాయో లేదో గమనించేది ఎక్కువగా నర్సే.

డిశ్చార్జ్ సమయంలో ఇంట్లో ఉన్న మందులన్నీ సంచితో సహా తెప్పించి చూడటం కాగితం మీది జాబితా కన్నా నమ్మకమైన పద్ధతి. ఒకే మందు రెండు బ్రాండ్ పేర్లతో బయటపడుతుంది. జలుబు మాత్రలోనూ నొప్పి మాత్రలోనూ పారాసిటమాల్ ఉండి రోజుకు 4 గ్రాముల హద్దు దాటుతుంది, బక్కపల్చటివారికి ఆ హద్దు ఇంకా తక్కువ. మూలికా మందులు, పూతమందులు, కంటి చుక్కలు కూడా విడిగా అడగాలి, అడగకపోతే ఎవరూ చెప్పరు.

కంటి చుక్కలను మందుల్లో లెక్కేయకపోవడం ప్రత్యేకంగా పట్టించుకోవాల్సిన పొరపాటు. గ్లకోమాకు వాడే టిమొలాల్ ఒక బీటా బ్లాకర్. కంట్లో వేసిన చుక్క కన్నీటి నాళం గుండా ముక్కులోకి జారి, అక్కడి పొర నుంచి రక్తంలో కలుస్తుంది. కాలేయం మొదటి ప్రయాణంలో దాన్ని తగ్గించే అవకాశమే ఉండదు. పల్స్ 48కి పడిపోయిన మనిషి చార్టులో గుండె మందేదీ లేకపోతే, ఆయాసం ఎందుకు పెరిగిందో తెలియకపోతే, దిండు పక్కన చుక్కల సీసా ఉందేమో చూడాలి. చుక్క వేశాక కన్ను మూయించి, ముక్కు వైపు కంటి మూలను వేలితో ఒకటి రెండు నిమిషాలు నొక్కి ఉంచితే రక్తంలోకి పోయే భాగం తగ్గుతుంది. రోగికీ, చుక్కలు వేసే ఇంట్లోవారికీ ఆ పద్ధతి చేసి చూపించి, వాళ్లతో ఒకసారి చేయించి పంపాలి.